సోఫా సందులో చెయ్యి

తలుపు మూసుకుంది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు, దానంతటదే మెల్లగా వచ్చి చట్రంలో ఒదిగిపోయింది. చప్పుడు చెయ్యని తలుపంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు, లోపల ఏం జరుగుతోందో బయటివాడికి తెలియకూడదనుకునేవాళ్ళే అలాంటివి పెట్టించుకుంటారు. లోపలికి వెళ్ళింది ఎనిమిదేళ్ళ పిల్ల. ఒక్కత్తే. మీరిద్దరూ కాసేపిక్కడ కూర్చోండి, నేనూ తనూ కబుర్లు చెప్పుకుని వస్తాం అంది పెద్ద టీచరు, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుంటూ. కబుర్లట. ముక్కూ మొహం తెలియని పిల్లతో నీకేం కబుర్లమ్మా? చదువెంతొచ్చో చూడాలంటే మా ముందే చూడొచ్చు, మేమేమైనా చెయ్యి పట్టుకుని రాయిస్తామా? మా ముందు అడగలేనిదేదో ఉంది గనకే తలుపు వేసుకున్నావు. ఆ తలుపుకి అద్దం కూడా మసకది వేయించారు, వెలుతురు వస్తుంది, మనిషి కనపడడు. చెవి రిక్కించాడు. తలుపవతల నుంచి ఒక్క మాట కూడా వినపడలేదు. కూతురిది అసలే పిల్లిగొంతు, గోడలు దాటి రాదు. అయినా ఈపాటికి మొదటి ప్రశ్న అయిపోయి ఉండాలి, పేరేంటి, ఏ క్లాసు. రెండో ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు, లోకంలో ఏ గదిలోకి వెళ్ళినా రెండో ప్రశ్న అదే. మీ నాన్న ఏం చేస్తారు?

పక్కన భార్య ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని ఫోటో దిగుతున్నట్టు కూర్చుంది. మందుల షాపులో పొద్దుటి డ్యూటీ ఎవరికో అంటగట్టి వచ్చింది. ఈసారి ఏ వంకా పెట్టకు అని బస్సులో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి చెప్పింది, చెప్పడం కాదు, వేలు చూపించింది. ఆవిడ భయం ఆవిడది. పిల్ల చదివే వీధి చివరి బడి ఉన్నట్టుండి మూతపడింది, యజమాని మేడ అమ్మేసుకుని బెంచీలు లారీకెత్తించుకుపోయాడు. చుట్టుపక్కల బళ్ళు చాలావరకు నిండిపోయాయి, మిగిలినవాటిలో రెండు చూసొచ్చారు, రెండూ వద్దన్నది అతనే. ఇక మిగిలింది ఇదొక్కటే, ఇదీ కాకపోతే పిల్ల ఈ ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఒక్క ఏడాదే కదా అని ఎవరైనా సర్దిచెబుతారేమో గాని, ఆ ఒక్క ఏడాది సంగతి అతనికి చెప్పకండి. అందులోకి దిగి ఇంతవరకూ బయటికి రాని మనిషి అతను. నాన్న మంచం పట్టినప్పుడు పెదనాన్న వచ్చి, వీణ్ణి ఒక్క ఏడాది నా షాపులో కూర్చోబెట్టండి, వచ్చే ఏడు నేనే దగ్గరుండి బళ్ళో వేస్తాను అన్నాడు. అబద్ధమాడే రకం కాదు పెదనాన్న, నిజంగానే వేద్దామనుకున్నాడు. కానీ ఏడు తిరిగేసరికి చేతికి సుత్తి అలవాటైపోయింది, తోటివాళ్ళు పై క్లాసుకి పోయారు, తిరిగి వెళితే చిన్నపిల్లల మధ్య గడకర్రలా కూర్చోవాలి, ఆ సిగ్గుతో ఇంకో ఏడు, మరో ఏడు, అంతే, జుట్టు నెరిసింది. నోట్లో మేకులు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టే పని. నోట్లో మేకులున్నవాడు మాట్లాడలేడు, నీకు కోపాలన్నీ లోపల పేరుకుపోవడానికి అదే కారణం అంటుంది భార్య, నవ్వుతూ అంటుందో తిడుతూ అంటుందో ఇప్పటికీ తేలలేదు.

సోఫాలు బాగుచేస్తాడు. చిరిగిన గుడ్డ విప్పి, లోపల చచ్చిన స్పాంజి పీకి, తెగిన పట్టీలు మార్చి, వంగిన స్ప్రింగులు బిగించి, మళ్ళీ కొత్త బట్ట తొడిగి పంపుతాడు. పైబట్ట చూసి సోఫాని నమ్మేవాళ్ళని చూస్తే అతనికి జాలి. షాపుకి ఏ సోఫా వచ్చినా మొదట చేసేది ఒకటే, సీటుకీ వీపుకీ మధ్య సందులో చెయ్యి మోచేతిదాకా దూర్చడం. ఇంటివాళ్ళు ఒకరికొకరు చెప్పుకోని సంగతులన్నీ అక్కడ పడుంటాయి. విరిగిన దువ్వెన పళ్ళు, మింగినట్టు నటించి దాచేసిన మాత్రలు, జోడు తప్పిన చెవికమ్మ, పేకముక్కల్లో రాణి, ఎవరిదో పెట్టుడు గోరు. దొరికినవన్నీ చిన్న గుడ్డ మూటలో కట్టి, ఆ మూటని సోఫా కాలికి కట్టి తిరిగి పంపేస్తాడు, అది పెదనాన్న పెట్టిన పద్ధతి, ఒక్క పిన్నీసు ఉంచుకున్నా ఆ సోఫా వచ్చి మన కాళ్ళ మీద పడుతుందనేవాడు. పంపబోయే ముందు ఇంటికి తెచ్చి కూతురికి చూపిస్తాడు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడుగుతుంది, ఏం దొరికాయి నాన్నా? నేల మీద వరసగా పరిచి, ఇది ఎవరిదై ఉంటుందో, ఎలా పోగొట్టుకున్నారో ఇద్దరూ కూర్చుని కథలల్లుతారు. అతని కథలో ఎవడో ఒకడు దొంగ అవుతాడు. పిల్ల కథలో ఎవరూ దొంగ కారు, అందరూ వెతుక్కుంటూ ఉంటారు, అంతే.

మొదటి బడికి వెళ్ళినప్పుడు మనసులో ఏ అనుమానమూ లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, నున్నగా గడ్డం గీసుకున్నాడు, భార్య దగ్గరికొచ్చి సెంటు కూడా కొట్టింది. గేటు దగ్గర కాపలావాడు భార్యకీ పిల్లకీ పక్కకి తప్పుకుని దారిచ్చి, అతని చేతుల వంక చూసి, రిపేరువాళ్ళకి వెనక గేటన్నా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అన్నా అని కూడా అన్నాడు. తల కొట్టేసినట్టయింది. భార్య ఏదో గొణిగి సర్దేసింది గాని, పిల్ల మాత్రం వాడికి ఏం కనపడిందా అన్నట్టు తండ్రి చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంక ఆ బళ్ళో అతనికేం నచ్చుతుంది? కౌంటరు దగ్గర అమ్మాయి నవ్వు బల్బులా వెలిగి, వీళ్ళు తల తిప్పగానే ఆరిపోయింది. గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలట, అన్నిట్లోనూ అవే రెండు కొండలు, అదే సూర్యుడు, ఒకే చెయ్యి వేసి కింద పేర్లు మాత్రం మార్చినట్టున్నాయి. గాజు బీరువా నిండా మెరిసే కప్పులు, ఏ ఆటకిచ్చారో దేని మీదా లేదు. లైబ్రరీ అని చూపించిన గదిలో పుస్తకాలు ఎంత బిగించి పేర్చారంటే ఒకటి లాగాలంటే స్క్రూడ్రైవరు కావాలి. కూర్చోమన్న సోఫా సందులో అలవాటు కొద్దీ చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. దుమ్ము కూడా లేదు. పిల్లలు తిరిగే చోట సోఫా సందు ఖాళీగా ఉంటుందా? మనకి చూపించే బడి వేరు, పిల్లలుండే బడి వేరు అని బయటికొస్తూ తేల్చేశాడు. కాపలావాడి మాటకి కోపమొచ్చి ఇలా అంటున్నావు అంది భార్య. కాదన్నాడు. అవును.

ఆ రోజు తిరుగు బస్సులోనే పిల్లకి నేర్పాడు. మీ నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా ఫర్నిచర్ బిజినెస్ అని చెప్పు. సోఫాలు బాగుచేస్తారంటే ఏమవుతుంది నాన్నా అంది. ఏమీ కాదు, అలా చెప్పకు, అంతే. అది అబద్ధం కదా? అబద్ధం కాదమ్మా, పెద్ద మాట, అన్నాడు. ఆ జవాబు తనకే బాగా నచ్చి భార్య వైపు చూశాడు, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ తర్వాత రోజూ పళ్ళు తోముకుంటుండగా అడిగేవాడు, నాన్న ఏం చేస్తారు? నురుగు నోటితో ఫర్నిచర్ బిజినెస్. గట్టిగా చెప్పు. ఫర్నిచర్ బిజినెస్. కిందికి చూస్తావేం, తలెత్తి చెప్పు. సాయంత్రం గుమ్మంలో ఏం దొరికాయి అన్న ప్రశ్న రావడం లేదు. ఈమధ్య రావడం లేదని ఇదిగో ఇప్పుడు, ఈ సోఫాలో కూర్చున్నాక తట్టింది అతనికి. హోంవర్కు చేసుకుంటోందేమో. బడే లేదు, హోంవర్కేమిటి.

రెండో బళ్ళో అడుగు పెట్టగానే, ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు అని భార్య మురిసిపోయింది. అతను చూసిందీ ఆ నిశ్శబ్దాన్నే. వరండాలో నేల మీద పసుపు గీత, పిల్లలు ఆ గీత మీదే ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు, ఎదురైన పెద్దవాళ్ళకి ఒకే గొంతుతో గుడ్ మార్నింగ్ చెబుతున్నారు, కళ్ళు మాత్రం గీత మీద. ప్రిన్సిపల్ గది బయట రెగ్జిన్ సోఫా. సందులో చెయ్యి పెడితే గుండీలు. ఒకటి కాదు, గుప్పెడు. తెల్లవి, చిన్నవి, కొన్నిటికి దారప్పోగులు ఇంకా వేలాడుతూ. గుండీ ఊడితే నేల మీద పడుతుంది గాని అంత లోపలికి పోదు. మెలితిప్పి మెలితిప్పి ఊడదీసి, ఎవరూ చూడకుండా వేలితో సందులోకి తోస్తే పోతుంది. అతనికి తెలుసు. చిన్నప్పుడు హెడ్మాస్టరు గది బయట బల్ల మీద కూర్చోబెట్టేవారు, ఎందుకు పిలిచారో చెప్పేవారు కారు, లోపల్నుంచి గొంతులు, తన వంతు వచ్చేలోపు బొడ్డు మీది గుండీ మెలి తిరిగి తిరిగి చేతిలోకి వచ్చేసేది. చొక్కాకి అక్కడ ఎప్పుడూ పిన్నీసే, నీ కడుపులో ఏ దయ్యం కూర్చుని గుండీలు మింగుతోందిరా అనేది అమ్మ. ఆ బడి వద్దన్నాడు. ఎందుకని భార్య అడిగితే బస్టాపులో జేబులోంచి గుండీలు తీసి చూపించాడు. పెదనాన్న పద్ధతి తప్పి, తిరిగివ్వకుండా పట్టుకొచ్చేశాడు వాటిని. భార్య గుండీల వంక చూసింది, మొగుడి వంక చూసింది. "గుండీలు చూసి బడి వద్దన్న తండ్రివి లోకంలో నువ్వొక్కడివే ఉంటావు," అంది. ఆవిడ తమ్ముడి చెవిన పడితే ఊరుకుంటాడా, "బావా, ఈసారి పిల్లని ఇంట్లో వదిలేసి సోఫాని వెంట తీసుకెళ్ళు, సీటు తొందరగా వస్తుంది," అన్నాడు. అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు, వంగి తన గౌను గుండీలు చూసుకుంది.

ఇక ఇది. ఇక్కడ అనుమానించడానికి ఏదీ సరిగ్గా దొరక్కపోవడమే అనుమానంగా ఉంది. గేటు దగ్గర ముసలి కాపలావాడు రండి బాబూ అంటూ ముందు గేటే తెరిచాడు. ఎవరో నేర్పి ఉంటారు. వరండాలో పిల్లలు గోలగోలగా పోతున్నారు, చూడ్డానికి జనం వస్తున్నారు, కాస్త గోల చెయ్యండర్రా అని చెప్పారేమో. ఏదో క్లాసులో టీచరు పగలబడి నవ్వింది, జీతమిచ్చేది నవ్వడానికా. ఊడ్చే ఆయా పెద్ద టీచర్ని అక్కా అని పిలిచింది, చుట్టాలందర్నీ పనిలో పెట్టేసుకున్నారన్నమాట. గోడకి రంగు పెచ్చులూడింది, వచ్చిన ఫీజంతా ఎటు పోతోందో. పెచ్చులూడకపోతే పైపై మెరుగులు అనేవాడు, ఆ సంగతీ తనకి తెలుసు, తెలిసినా ఆగదు. అంతటికీ మించి ఆ తలుపు. ఇంతసేపు ఏం కబుర్లు? చెప్పేసి ఉంటుందా? చెప్పమన్నది చెప్పిందా, వద్దన్నది చెప్పిందా? చెప్పమన్నది చెప్పి ఉంటే, ఏం బిజినెస్, ఎక్కడ, పెద్ద షోరూమా అని పెద్ద టీచరు కూపీ లాగుతుంది, పిల్ల ఎక్కడో ఒక చోట తప్పులో కాలేస్తుంది, అబద్ధాలు నేర్పే ఇల్లన్నమాట అనుకుంటుంది. వద్దన్నది చెప్పి ఉంటే వెనక గేటు. ఎటు చూసినా దారి లేని చోట పిల్లని నిలబెట్టానా అనే ఆలోచన ఒకటి తోక చూపించి పోయింది. దాన్ని పోనిచ్చాడు.

సోఫా పాతది. గళ్ళ గుడ్డ, అంచులు నలిగి మెత్తబడ్డాయి, మధ్యలో గుంట. ఎంతమంది ఎగిరి కూర్చుంటే పడుతుందా గుంట. పెద్ద టీచరొచ్చి పిలిచేదాకా పిల్ల ఆ గుంటలోనే కూర్చుంది, ఇద్దరి మధ్యా, కాళ్ళు నేలకి అందక. పొద్దున హడావిడిలో నిండు చేతుల గౌనుకి మణికట్టు దగ్గరి గుండీ వదులుగా ఉందని ఏడుపు మొహం పెడితే అతనే కుట్టాడు. ఇంట్లో తెల్లదారం కనపడక షాపు సంచిలోంచి సోఫాలు కుట్టే, మైనం రాసిన గోధుమరంగు దారం తీసి, బిగించి కుట్టి, పో, ఏనుగు లాగినా ఊడదు అన్నాడు. దారం కొట్టొచ్చినట్టు కనపడుతోందంది భార్య. చెయ్యి ముడుచుకుని కూర్చుంటే కనపడదన్నాడు. అలాగే ముడుచుకుని కూర్చుంది. గేటు దగ్గర మళ్ళీ అడిగాడు, నాన్న ఏం చేస్తారు? పెదవులు కదిలాయి. ఈ సోఫాలో కూర్చున్నాక ఇంకోసారి అడిగాడు, చెవి దగ్గర, మెల్లగా, అప్పుడే క్లాసులోంచి ఆ టీచరు నవ్వు వినపడి అటు తిరిగాడు. పిల్ల ఏమందో వినలేదు.

సోఫాలో చెయ్యి పెట్టనని భార్యకి మాటిచ్చాడు. మాటిచ్చింది నోరు, చెయ్యి కాదు. ఆవిడ గోడ మీది బొమ్మలు చూస్తోంది, ఇక్కడి సూర్యుళ్ళు ఒక్కొక్కడూ ఒక్కో రంగులో ఉన్నారు, ఒకడు పచ్చగా కూడా ఉన్నాడు. చెయ్యి మెల్లగా గుంట అంచు పట్టుకుని సందులోకి జారింది. కళ్ళు మూసుకున్నాడు, వేళ్ళతో చూడ్డానికి కళ్ళు అడ్డం. కొరికేసిన పెన్సిలు ముక్క, పంటిగాట్లు చిన్నవి. జుట్టు క్లిప్పు. సుద్దముక్క. బిస్కెట్టు పొడి. గోళీ ఒకటి, చల్లగా. ఇంత పెద్ద సంతా? పెద్దావిడ గది ముందు సోఫాలో గోళీ పట్టుకుని కూర్చునే పిల్లలున్నారా? సందులో గోళీలు చల్లి తండ్రుల్ని బుట్టలో వేసుకునే బడి ఎక్కడైనా ఉంటుందా అనుకుంటే తనకే నవ్వొచ్చింది. కాసేపు, ఊపిరి పట్టినంతసేపు, పచ్చ సూర్యుడి కింద కూతురు బెంచీ మీద కూర్చుని ఉండటం చూశాడు, కాళ్ళు ఊపుతూ. ఇంకాస్త లోపలికి పోనిచ్చాడు చేతిని. పట్టీ పక్కన, మూలగా, గుండీ.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక్కడ కూడానా! ఆ నవ్వులూ అక్కలూ పచ్చ సూర్యుళ్ళూ అన్నీ పైబట్ట, లోపల మళ్ళీ అదే. పద పోదాం అని భార్యతో అనబోయాడు, పిల్ల ఏడాది ఇంట్లో కూర్చున్నా సరే, తలుపు తోసుకుని వెళ్ళి తెచ్చేసుకుంటా. బొటనవేలు గుండీ వెనక్కి వెళ్ళింది, దారం మీదికి. దారం జారలేదు. వేలికి అంటుకుంది. మైనం. వేలు ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు. బిగించిన కుట్టు బిగించినట్టే ఉంది, ముడి విడలేదు, పోగు తెగలేదు. ఊడింది కుట్టు కాదు, కుట్టుతో పాటు చిన్న గుడ్డముక్క చిరిగి వచ్చింది. ఏనుగు లాగినా ఊడనిదాన్ని పిల్ల లాగింది. పక్కనే కూర్చుని. అతని మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, అతను ఎవరో నవ్వారని అటు తిరిగి ఆ నవ్వుకి అర్థాలు వెతుకుతుండగా. గది లోపలివాళ్ళకి భయపడి కాదు, లోపలికింకా వెళ్ళనే లేదు. ఆ రెండో బళ్ళో గుప్పెడు గుండీలున్నాయే, అవి ఊడదీసిన పిల్లల పక్కన ఎవరు కూర్చున్నారో, చెవిలో ఏం చెప్పి పంపారో, అది ఒక్కసారైనా అడిగాడా తను? దొంగ ఎవరో చూడకుండానే కథ అల్లేశాడు.

"చెయ్యి తియ్యి, ఎవరైనా చూస్తే పరువు పోతుంది," అంది భార్య పళ్ళ బిగువున.

తలుపు తెరుచుకుంది, అదీ చప్పుడు లేకుండానే. పెద్ద టీచరు గుమ్మంలో నిలబడి, మోచేతిదాకా సోఫాలో దిగబడిన మనిషిని చూసింది. ఆవిడ పక్కన పిల్ల, కుడి మణికట్టుని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని. తండ్రి మొహం చూడలేదు పిల్ల. ఆ చెయ్యి ఎక్కడుందో చూసింది, చూసి కళ్ళు దించేసుకుంది.

"చక్కగా చదివింది, లెక్కలూ చేసింది," అంది పెద్ద టీచరు. కళ్ళజోడు నెత్తి మీంచి కళ్ళకి దించుకుంది. "నాన్న ఏం చేస్తారంటే మాత్రం పెదవి విప్పలేదు. చెయ్యి ఏమైందమ్మా అంటే చూపించలేదు. ఇంట్లో ఏమైనా ఇబ్బందాండీ?"

గొంతు మెత్తగానే ఉంది. చూపు మెత్తగా లేదు. అది అతనికి చాలా దగ్గరగా తెలిసిన చూపు, ఇస్త్రీ చొక్కా మీద ఆగకుండా కుట్టు దగ్గరికి వచ్చి, కుట్టు విప్పి లోపల ఏముందో చూసే చూపు. నన్నా అనుమానించేది? నా పిల్లని నేను ఏమైనా చేస్తానని? నోటిదాకా వచ్చింది. భార్య నోరు తెరిచి ఏదో సర్దబోయింది, ఫర్నిచర్ అనే మాట సగం వినపడింది కూడా. ఇప్పుడు లేచి పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిస్తే ఎవరూ ఆపరు. బస్సెక్కొచ్చు. ఆ తర్వాత ఒక్క ఏడాది. షాపులో మూల బల్ల మీద పిల్ల, చేతిలో మేకుల డబ్బా. ఆ డబ్బా ఎంత బరువో అతనికి తెలుసు.

చెయ్యి బయటికి లాగాడు. గుండీతో పాటు పెన్సిలు ముక్కా క్లిప్పూ గోళీ అన్నీ వచ్చాయి. గుప్పిట తెరిచాడు.

"సోఫాలు బాగుచేస్తానండి నేను," అన్నాడు. గొంతు తనది కానట్టుంది, నోట్లోంచి మేకులన్నీ ఒక్కసారి తీసేసినట్టు. "చెప్పొద్దన్నది నేనే. వేరే మాట చెప్పమన్నాను. అబద్ధమాడలేకా, నా మాట కాదనలేకా ఊరుకుని ఉంటుంది. ఈ గుండీ మా అమ్మాయిదే. నేనే కుట్టాను పొద్దున."

ఆవిడ వెంటనే నమ్మలేదు. వంగి పిల్లని అడిగింది, అవునా అని. పిల్ల తండ్రిని చూసింది, ఇప్పుడు మొహంలోకే, చాలాసేపు. తలూపింది. అప్పుడు కూడా పెద్ద టీచరు నవ్వలేదు. నవ్వకపోవడం అతనికి నచ్చింది, నవ్వి ఉంటే మళ్ళీ ఏదో అనుకునేవాడు. "ముగ్గురూ లోపలికి రండి, మాట్లాడదాం," అని, మూసుకోబోతున్న తలుపుకి అడ్డంగా ఒక కుర్చీ జరిపింది. భార్య బ్యాగు భుజాన వేసుకుని ముందు నడిచింది.

అతను లేవలేదు ఇంకా. పిల్ల వచ్చి గుంట అంచున నిలబడింది. మణికట్టు మీంచి చెయ్యి తీసేసింది, అక్కడ గౌనుకి చిన్న కన్నం. అతని అరచేతిలోకి తొంగిచూసి, గుండీని వేలితో పక్కకి జరిపింది.

"ఇంకా ఏం దొరికాయి నాన్నా?" అంది.